మాస్టారు అని పిలవనిచ్చిన మనిషి

మాస్టారు పోయారన్న కబురు వాళ్ల అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. అప్పుడు నేను ఆఫీసు ల్యాబ్‌లో ఉన్నాను. టెస్ట్ నడుస్తుండగా ఫోన్ తీయకూడదని మా దగ్గర ఒక పద్ధతి. కానీ తెర మీద ఆమె పేరు చూడగానే సంగతి అర్థమైపోయింది. "తెల్లవారాక పోయారు. నిద్రలోనే. శనివారం క్లాసు పిల్లలకు నువ్వే చెప్పాలి, నావల్ల కాదు," అంది. ఆమె గొంతు నిబ్బరంగానే ఉంది. నడవాలోకి వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాను. అటుగా వెళుతున్న మా మేనేజరు ఏమైందని అడిగాడు. మా మాస్టారు పోయారని తెలుగులో చెప్పాను. అతను పంజాబీ. చెప్పిన మాట అర్థం కాకపోయినా నా మొహం చూసి ఇంటికి వెళ్లమన్నాడు.

ఈ నాలుగు మాటలు చదివేవాళ్లలో ఆయనను ఎరిగినవాళ్లు ఉంటారనుకోను. ఆయన తెలుగువారు కాదు. కెనడా తూర్పు తీరాన నోవా స్కోషియాలో పుట్టిన నల్లజాతి మనిషి. ఒటావాలో ప్రభుత్వోద్యోగం చేసి రిటైరై, భార్య పోయాక ఊరి శివార్లలోని కనాటాలో ఒక చిన్న టౌన్‌హౌస్‌లో ఒంటరిగా ఉండేవారు. కూతురు హాలిఫాక్స్‌లో ఉంటుంది. ఆయన గురించి ఏ పేపరూ రాయలేదు, రాయదు కూడా. నాకు తెలిసింది నేనైనా రాయకపోతే తప్పనిపించి కూర్చున్నాను.

ఆయన పరిచయం నా ఉద్యోగం పోయిన ఏడాది జరిగింది. మా టెలికాం కంపెనీ ఒక గురువారం మమ్మల్ని మీటింగ్‌కు పిలిచి, శుక్రవారం నుంచి రావద్దని చెప్పింది. మాది నరసాపురం. ఎప్పుడూ క్లాసులో ముందు బెంచీలో కూర్చుని, చేసిన ప్రతి పనికీ మెచ్చుకోలు విన్న మనిషిని నేను. ఉద్యోగం పోతే ఎలా ఉంటుందో నాకు తెలియదు. పొద్దున్నే మా ఆయన బస్సెక్కి వెళ్లిపోయాక ఇంట్లో ఉండలేక లైబ్రరీకి పోయేదాన్ని. అక్కడ బోర్డు మీద ఒక కాగితం కనిపించింది. శనివారాలు చర్చి బేస్‌మెంట్‌లో ఇంటర్వ్యూ ప్రాక్టీసు, ఉచితం. అంతవరకే చదివాను. కింద చిన్న అక్షరాల్లో ఉన్నది చదవలేదు.

శనివారం మెట్లు దిగి వెళ్లేసరికి గదిలో ఉన్నవాళ్లంతా నల్లజాతి పిల్లలు. పద్దెనిమిది, ఇరవై, ఇరవై రెండేళ్లవాళ్లు. అందరూ తలలు తిప్పి చూశారు. నేను ఫైలు గుండెకు హత్తుకుని గుమ్మంలోనే ఆగిపోయాను. కోటూ టై వేసుకున్న ఒక పొడుగాటి పెద్దాయన లేచి వచ్చారు. ఏం పనిమీద వచ్చానో అడిగి తెలుసుకుని, కాసేపు గడ్డం తడుముకున్నారు.

"ఇది నల్లజాతి యువత కోసం ప్రభుత్వం ఇచ్చే సాయంతో నడుస్తున్న క్లాసమ్మా. నువ్వు చూస్తే నల్లజాతి మనిషివీ కాదు, అంత కుర్రదానివీ కాదు," అన్నారు. నేను సారీ చెప్పి వెనక్కు తిరగబోయాను. "ఆగు. ఇంటర్వ్యూకు వచ్చేవాళ్లు మా దగ్గర చాలామందే ఉన్నారు. చేసేవాళ్లే లేరు. ఆ వైపు కూర్చో," అన్నారు.

అలా ఉద్యోగం లేని నేను ఆ పూటంతా ఉద్యోగాలిచ్చేదానిలా బల్ల వెనక కూర్చుని ప్రశ్నలడిగాను. మరుసటి వారమూ వెళ్లాను. రెండు నెలల్లో నాకు కనాటాలోనే వేరే కంపెనీలో పని దొరికింది. ప్రశ్నలడిగీ అడిగీ జవాబు ఎలా చెప్పాలో నేర్చుకున్నాననుకుంటాను. ఉద్యోగం వచ్చాక ఇక రానేమో అనుకున్నారట ఆయన. ఆ శనివారం నన్ను చూసి, నా కుర్చీ నాకు జరిపారు.

మొదట్లో ఆయనను సర్ అని పిలిచేదాన్ని. ఆయనకు నచ్చేది కాదు. ముప్పై ఏళ్లు ఆఫీసులో అందరినీ సర్ అని పిలిచీ పిలిచీ ఆ మాటంటే విసుగు పుట్టిందనేవారు. మీ భాషలో చదువు చెప్పేవాళ్లను ఏమంటారని ఒకరోజు అడిగారు. మాస్టారు అంటాం అన్నాను.

ఆయన చేతిలో కప్పు అలాగే ఉండిపోయింది. అప్పుడు గాని నాకు తట్టలేదు ఆయన చెవికి ఆ మాట ఎలా వినిపించిందో. మాస్టర్. బానిసలు తమ యజమానిని పిలిచిన మాట. ఆయన పూర్వీకులు అమెరికాలో ఆ మాట అనీ అనీ, చివరికి పడవలెక్కి నోవా స్కోషియా తీరానికి చేరినవాళ్లు. నేను గాభరాపడి, అది ఇంగ్లీషు నుంచి వచ్చిందే గాని మా ఊళ్లో దానికి పలకా బలపం తప్ప వేరే అర్థం లేదనీ, బడిలో చదువు చెప్పిన మా నాన్ననూ అలాగే పిలిచేవారనీ ఏదేదో చెప్పాను. ఆయన కప్పు బల్ల మీద పెట్టి, తర్వాతి కుర్రాడిని పిలిచారు.

ఆ తర్వాతి శనివారం టీ తాగుతూ తనే ఆ మాట ఎత్తారు. "మీ నాన్నను ఎవరు పిలిచేవారు అలా?" అని అడిగారు. ఊరంతా పిలిచేదని చెప్పాను. చదువు చెప్పించుకున్నవాళ్లూ, వాళ్ల పిల్లలూ, కూరగాయలమ్మే ఆవిడా. భయంతోనా అని అడిగారు. కాదు, ఇష్టంతో అన్నాను.

"మా ఇంట్లో ఇంతవరకు ఆ మాట ఎవరూ అనిపించుకోలేదు. అందరూ ఇంకొకరిని అనాల్సి వచ్చింది," అన్నారు. "ఆ మాట మావాళ్లను చాలా ఏడిపించింది. కొన్నాళ్లు మా ఇంట్లోనూ ఉండనీ. అలాగే పిలువు."

అప్పటినుంచి ఆయన నాకు మాస్టారే.

శనివారం పొద్దున్నే అందరికంటే ముందు వచ్చి హీటర్ వేసేవారు. బేస్‌మెంట్ తలుపు మూసి ఉండకూడదు. చలికాలమైనా సరే, ఒక కుర్చీ అడ్డం పెట్టి సగం తెరిచి ఉంచేవారు. కొత్తగా వచ్చే పిల్లలు మూసిన తలుపు దాకా వచ్చి వెనక్కు పోవడం ఆయన చాలాసార్లు చూశారట. టీలో డబ్బాపాలు పోసుకునేవారు. చిన్నప్పటి అలవాటు. నాకూ అదే ఇచ్చేవారు. వద్దంటే, మీ యాలకుల టీ నేను తాగడంలేదా అనేవారు. ఆ యాలకుల టీ ఆయనకు అస్సలు నచ్చదని నాకు చాలా రోజులకు తెలిసింది.

పిల్లలకు ఆయన చెప్పే మొదటి పాఠం వాళ్ల పేరు వాళ్లు చెప్పుకోవడం. సోమాలియా పేర్లు, నైజీరియా పేర్లు, హైతీ పేర్లు. ఎదుటివాళ్లకు నోరు తిరగదని ఆ పిల్లలు గబగబా మింగేసేవారు, లేదా పొట్టి పేరొకటి చెప్పేవారు. "నెమ్మదిగా చెప్పు. నీ పేరును నువ్వే తొందరపెడితే వాళ్లు దానికోసం ఆగుతారా?" అనేవారు. అవతలివాళ్లకు పలకడం వచ్చేదాకా నవ్వుతూ మళ్లీ చెప్పమనేవారు. నా పేరు ఆయనకు పలకడానికి మూడు వారాలు పట్టింది. అన్ని వారాలూ నాచేత చెప్పించుకున్నారు.

ఈ పని ఎందుకు మొదలుపెట్టారో ఒక్కసారే చెప్పారు. ఆయన ఉద్యోగం మనుషులను తీసుకునే విభాగంలో. ఇంటర్వ్యూ బోర్డుల మీద కూర్చునేవారు. బోర్డులో నల్లజాతివాడు ఎప్పుడూ ఆయనొక్కరే. ఒకసారి ఒక నల్లజాతి కుర్రాడు వచ్చి, అడిగిన ప్రతిదానికీ చక్కగా జవాబు చెప్పి వెళ్లాడు. తలుపు మూసుకున్నాక, కుర్రాడు బాగున్నాడు గాని మనలో ఇమడడేమో అన్నాడు పెద్ద ఆఫీసరు. మిగతావాళ్లు తలలూపారు. ఈయన వైపు చూశారు. ఈయనా తలూపారు. ఇంట్లో చిన్నపిల్ల, ఇంటి లోను, ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. తర్వాత కూడా ఇలా కొన్నిసార్లు జరిగిందన్నారు.

"ఆ కుర్రాడు వెళుతూ వెళుతూ నాకొక్కడికే షేక్‌హ్యాండ్ ఇచ్చాడు, నేనున్నానన్న ధైర్యంతో," అన్నారు. అంతే. మళ్లీ ఆ సంగతి ఎత్తలేదు. నేనూ అడగలేదు.

ఇక్కడ మనవాళ్ల మాట కూడా కొంచెం చెప్పాలి. ఒక ఆదివారం మా తెలుగు చర్చిలో ఆరాధన అయ్యాక భోజనాల దగ్గర, శనివారాలు ఎక్కడికి వెళతావని అడిగితే చెప్పాను. మాకు బాగా కావలసిన అంకుల్ ఒకాయన ప్లేటు పక్కన పెట్టి, "వాళ్లకు మాత్రం స్పెషల్‌గా గవర్నమెంట్ డబ్బులెందుకమ్మా? మనం కష్టపడలేదా? మనకెవరిచ్చారు?" అన్నారు. ఆయన చెడ్డవారు కాదు. వచ్చిన కొత్తల్లో ఎటోబికోలో గోడౌన్‌లో పెట్టెలు మోసి పైకొచ్చినవారు. ఆ మాట మాస్టారుతో చెప్పాను, కోపం వస్తుందేమోనని భయపడుతూనే.

ఆయనకు కోపం రాలేదు. నిన్ను ఇక్కడివాళ్లు ఏ ఊరని అడుగుతారా అన్నారు. అడుగుతారన్నాను. "నువ్వు ఇండియా అంటావు. వాళ్లు తలూపి, బిర్యానీ గురించో పెళ్లిళ్ల గురించో మాట్లాడతారు. నన్నూ అడుగుతారు. నోవా స్కోషియా అంటాను. కాదు, అసలు ఊరేదంటారు. మావాళ్లు ఇక్కడికొచ్చి రెండు వందల ఏళ్లు దాటిందమ్మా. ఇంకో ఊరి పేరు నా దగ్గర లేదు. మీ అంకుల్ పడిన కష్టం నిజమే. ఆయన మోసిన పెట్టెను ఏదో ఒకనాటికి దింపుకోనిచ్చారు. మావాళ్లను దింపుకోనివ్వలేదు. అంతే తేడా," అన్నారు. ఆ మాటలు అంకుల్‌కు అలాగే చెప్పాను. ఆ క్రిస్మస్‌కు వాళ్లింటి నుంచి రోజ్ కుకీలు రెండు డబ్బాలు వచ్చాయి, ఒకటి మాకూ ఒకటి శనివారం పిల్లలకూ.

నయోమీ సంగతి చెబితే గాని మాస్టారు సంగతి పూర్తి కాదు.

మా శనివారం క్లాసుకు వచ్చే నయోమీ ఒటావాలోనే పుట్టింది. తల్లిదండ్రులు హైతీ నుంచి వచ్చినవాళ్లు. ఇంగ్లీషూ ఫ్రెంచీ రెండూ మంచినీళ్ల ప్రాయం. ఈ ఊళ్లో రెండు భాషలూ వచ్చినవాళ్లకు ప్రభుత్వోద్యోగం సగం వచ్చినట్టే. మాస్టారు ఆ పిల్ల మీద చాలా ఆశ పెట్టుకున్నారు. వారం వారం కూర్చోబెట్టి తయారుచేశారు. పరీక్ష ప్యాసైంది, ఇంటర్వ్యూ గట్టెక్కింది, ఒక ఆఫీసులో చేరమని పిలుపు కూడా వచ్చింది. ఆ రోజు మాస్టారు అందరికీ కేకు తెచ్చారు. కేకు కోశాక నయోమీ, ఆ ఉద్యోగంలో చేరడంలేదని చెప్పింది.

అప్పటికి ఆమె ఒక సెలూన్‌లో జుట్టు అల్లే పని చేస్తూ ఉండేది. ఆమె నాయనమ్మ వృద్ధుల కేర్ హోమ్‌లో ఉంది. అక్కడ పనిచేసేవాళ్లు మంచివాళ్లే గాని, ఆ రకం జుట్టు ఎలా దువ్వాలో వాళ్లకు తెలియదు. దువ్వక దువ్వక అట్టకట్టిపోతే, ఒకరోజు ఎవరినీ అడగకుండా మొదలంటా కత్తిరించేశారు. ఆ ముసలావిడ స్కార్ఫ్ అడిగి కట్టుకుని, మళ్లీ ఎవరి ముందూ విప్పలేదట. నిద్రలో కూడా. నయోమీ ఆలోచన ఏమిటంటే, ఒక వ్యాన్ కొనుక్కుని కేర్ హోమ్‌లకూ ఆసుపత్రులకూ తానే వెళ్లి, నల్లజాతి ముసలివాళ్లకు తలలు దువ్వి, అల్లి, కత్తిరించి పెట్టాలని. తర్వాత ఇంకొందరికి నేర్పి పెట్టుకోవాలని. బ్యాంకుకు వెళితే, నవ్వి పంపించారు.

మాస్టారు కేకు ముక్క కింద పెట్టేశారు. పెన్షనొచ్చే ఉద్యోగం వదులుకుని వ్యాన్‌లో తిరుగుతావా అన్నారు. "వ్యాపారమంటే మాటలా? పడిపోతే నీ వెనక ఎవరున్నారు?" అన్నారు.

"మీరు ఆఫీసులో చేరినప్పుడు మీ వెనక ఎవరున్నారు?" అంది నయోమీ.

"ఎవరూ లేరు. అందుకే నోరు మూసుకుని కూర్చున్నాను."

"నేను అలా కూర్చోలేను," అంది.

ఆ పిల్లకు ఆ ఇంటర్వ్యూ బోర్డు కథ తెలియదు. అయినా తగలాల్సిన చోటే తగిలింది. మాస్టారు కోటు తీసుకుని, పిల్లలందరూ ఉండగానే మెట్లెక్కి వెళ్లిపోయారు. నేనే గదికి తాళం వేశాను. తర్వాత నయోమీ రావడం మానేసింది. తలుపు దగ్గర అలికిడైతే మాస్టారు తలెత్తి చూసేవారు, మళ్లీ పనిలో పడేవారు.

ఆ ఏడాదే ఆయన గుండె దెబ్బతింది. మెట్లు దిగితే ఎక్కడానికి రెండుసార్లు ఆగాల్సి వచ్చేది. మా క్లాసుకు వచ్చే ప్రభుత్వ సాయం కూడా మార్చితో ముగుస్తుందని తెలిసింది. మళ్లీ ఇస్తారో లేదో బడ్జెట్ వస్తే గాని తెలియదు. ఆ సాయంతోనే జీతం తీసుకుంటూ పిల్లల పనులన్నీ చూసే అమ్మాయి వేరే ఉద్యోగం వెతుక్కోవడం మొదలుపెట్టింది. తప్పు పట్టడానికేముంది.

బడ్జెట్ రోజు నేను మధ్యాహ్నం సెలవు పెట్టి మాస్టారింటికి వెళ్లాను. ఆయన టీవీ ముందు టై కట్టుకుని కూర్చున్నారు. ఇంట్లో ఉండి టై ఎందుకని అడిగితే, ఏళ్ల తరబడి బడ్జెట్ రోజు ఆఫీసులో ఉన్న అలవాటన్నారు. మంత్రి ప్రసంగం అయిపోయింది. అందులో మాకు కావలసిన మాట వినబడలేదు. మాస్టారు కంగారుపడలేదు. అసలైనవి పుస్తకంలో ఉంటాయన్నారు. కూతురు కొనిచ్చిన ట్యాబ్లెట్‌లో బడ్జెట్ పుస్తకం తెరిచి, వెతికే చోట బ్లాక్ అని కొట్టారు. అన్ని వందల పేజీలు చదివే ఓపిక ఎవరికుంది, మనవాళ్ల మాట ఎక్కడుందో చూసుకోవడమే అన్నారు. ఒక్కొక్కటే దాటుకుంటూ వెళ్లి ఒకచోట ఆగారు.

నల్లజాతి యువతకూ, వ్యాపారం పెట్టుకునేవాళ్లకూ, ఉద్యోగాలు వెతుక్కునేవాళ్లకూ ఇస్తున్న సాయం కొనసాగుతుందని ఉంది. మాస్టారు దాన్ని పైకి చదివారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన మాత్రం సంబరపడలేదు. "పుస్తకంలోకి వచ్చింది. బేస్‌మెంట్ దాకా రావాలి," అన్నారు. మళ్లీ కళ్లద్దాలు సర్దుకుని ఆ వాక్యమే చదివారు, ఈసారి లోపల్లోపల. చాలాసేపు ట్యాబ్లెట్ కింద పెట్టలేదు.

"వ్యాపారం పెట్టుకునేవాళ్లు అని రాశారు చూశావా," అన్నారు. "ఆ పిల్ల చెప్పిందీ అదే. నేనే వినలేదు. కారు తెచ్చావా?"

నయోమీ సెలూన్ ఊరికి ఆ చివర. చీకటి పడకముందే చేరాం. లోపల ఆడవాళ్లు వరుసగా కూర్చుని ఉన్నారు. నయోమీ ఒకామెకు జడలు అల్లుతూ అద్దంలోంచి మమ్మల్ని చూసింది. చేతులు ఆగలేదు. మాస్టారు ఎవరినీ దాటుకుని ముందుకు పోలేదు. టోపీ ఒళ్లో పెట్టుకుని, అందరితోపాటు బెంచీ మీద తన వంతు వచ్చేదాకా కూర్చున్నారు. ఆయాసపడుతున్నారని తెలుస్తూనే ఉంది. వంతు రాగానే వెళ్లి కుర్చీలో కూర్చుని, అద్దంలో కనబడుతున్న నయోమీతో చెప్పారు.

"నీకు ధైర్యం చెప్పాల్సిన చోట నా భయం చెప్పాను. తప్పు నాది."

నయోమీ గుడ్డ దులిపి ఆయన మెడ చుట్టూ కట్టింది. "తల నిటారుగా పెట్టండి," అంది. ఆ తర్వాతి శనివారం ఆమె వచ్చింది.

అప్పటినుంచి మాస్టారు ఆమె ప్రాక్టీసు కోసం లోను ఇచ్చే ఆఫీసరుగా మారారు. మెట్లు దిగే ఓపిక లేక తన ఇంట్లోనే భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఆమెను ప్రశ్నలడిగేవారు. ఆయన అంత కఠినంగా ఎవరినీ అడగడం నేను చూడలేదు. వ్యాన్ చెడిపోతే ఏం చేస్తావు, నువ్వు జబ్బుపడితే ఎవరు వెళతారు, ముసలివాళ్లు రేటు ఎక్కువంటే ఏమంటావు. నయోమీ ఒకటి రెండుసార్లు ఏడ్చింది. ఆయన నీళ్లిచ్చి, ఆ ప్రశ్నే మళ్లీ అడిగేవారు. నల్లజాతి వ్యాపారుల కోసం ఉన్న పథకంలో మొదటిసారి పెట్టిన అప్లికేషన్ తిరిగొచ్చింది. వ్యాపారం చేసిన అనుభవం చాలదన్నారు. అయితే అనుభవం తెచ్చుకుందాం అన్నారు మాస్టారు. నయోమీ ఆదివారాలు అనుమతి తీసుకుని రెండు కేర్ హోమ్‌లకు వెళ్లి పని మొదలుపెట్టింది. మొదటి తల వాళ్ల నాయనమ్మదే. జుట్టు కొంచెమే పెరిగిందట. స్కార్ఫ్ విప్పించడానికి ఒక పూట పట్టిందట.

మార్చి ముగిసింది. బడ్జెట్‌లో ఉన్న మాట మా బేస్‌మెంట్‌కు చేరలేదు. కొత్తగా అప్లై చేయాలన్నారు, చేశాం. చూస్తున్నామన్నారు. జీతం లేక ఆ అమ్మాయి వెళ్లిపోయింది. చర్చివాళ్లు గది మాత్రం ఉండనిచ్చారు. శనివారాలు నేనూ, పాత పిల్లలు కొందరూ కలిసి నడిపాం. మధ్యాహ్నం మాస్టారుకు ఫోన్ చేసి ఎవరెవరు వచ్చారో చెప్పేదాన్ని. ఆయనకు కావలసింది కొత్తవాళ్ల పేర్లు. నేను తప్పు పలుకుతున్నానని అనుమానం వస్తే, ఆ పిల్లలకే ఫోన్ ఇవ్వమనేవారు.

మే నెలలో ఆసుపత్రిలో చేర్చారు. ఆ వారమే నయోమీకి లోను వచ్చింది. చెబుదామని ఇద్దరం వెళ్లాం. ఆయన నిద్రపోతున్నారు. మంచం ఆయన పొడుగుకు చాలలేదు. నయోమీ కుర్చీ లాక్కుని కూర్చుంది. కళ్లు తెరిచాక చెప్పింది. ఆయన ఆమెను చాలాసేపు చూశారు. విన్నారో లేదో అనుకున్నాను.

"మొదటి నెల ఒక్కరూ పిలవలేదు. ఏం చేస్తావు?" అన్నారు. గొంతు బాగా తగ్గిపోయింది.

"ఇంకో కేర్ హోమ్ తలుపు కొడతాను."

"వాళ్లూ వద్దన్నారు."

"నా పేరు నెమ్మదిగా చెప్పి, మళ్లీ వస్తానని చెప్పి వస్తాను," అంది.

ఆయన కళ్లు మూసుకున్నారు. ఇంకేమీ అడగలేదు. ఆయనకు ఇక అడగాల్సిన ప్రశ్న లేకపోవడం నేను చూసింది అదొక్కసారే. ఆ తర్వాత నేను వెళ్లిన రోజుల్లో ఆయన ఎక్కువగా నిద్రలోనే ఉన్నారు. ఒకసారి నా చెయ్యి పట్టుకుని, నేనెప్పుడూ వినని ఒక పేరుతో పిలిచారు. వాళ్ల అమ్మాయిని అడిగితే, చిన్నప్పుడే పోయిన మేనత్త పేరని చెప్పింది. సరిదిద్దాలనిపించలేదు. ఊఁ అన్నాను.

శనివారం పిల్లలకు చెప్పడం నావల్ల సరిగా కాలేదు. ఇంగ్లీషులో మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయాను. ఒక కొత్త కుర్రాడు, ఆయనను ఒక్కసారీ చూడనివాడు, ఫోన్‌లో తన పేరు నాలుగుసార్లు చెప్పించుకున్నారని చెప్పాడు. మిగతావాళ్లు నవ్వారు. నవ్వుతూనే ఏడ్చారు. ఆ రోజు ఇంటర్వ్యూలు పెట్టలేదు. మా అప్లికేషన్ సంగతి ఇది రాసేనాటికి కూడా తేలలేదు. తేలినా తేలకపోయినా శనివారం గది తెరుస్తాం. అంతకు మించి మాట ఇవ్వగల స్తోమత మాకు లేదు.

అంత్యక్రియల ముందురోజు వాళ్ల అమ్మాయి మళ్లీ ఫోన్ చేసింది. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ నాన్న జుట్టూ గడ్డమూ పెరిగిపోయాయనీ, శవాన్ని అంత్యక్రియలకు సిద్ధం చేసే ఫ్యునరల్ హోమ్‌లో ఆ పని తెలిసినవాళ్లు ఎవరూ లేరనీ, చివరిచూపుకు వచ్చేవాళ్లకు అలా చూపించడం తనకిష్టం లేదనీ చెప్పింది. ఎవరిని అడగాలో చెప్పలేదు. చెప్పాల్సిన పనీ లేదు.

నయోమీ తన పెట్టె పట్టుకుని వచ్చింది. ఒక్కతే లోపలికి వెళతానంది. వాళ్ల అమ్మాయీ నేనూ బయట నడవాలో కూర్చున్నాం. లోపలినుంచి క్లిప్పర్ చప్పుడు సన్నగా వినబడుతూ, ఆగుతూ, మళ్లీ మొదలవుతూ ఉంది. ఆ చప్పుడు మధ్యలో నయోమీ ఏదో మాట్లాడుతోంది. ఫ్రెంచిలోనో ఇంగ్లీషులోనో తెలియలేదు. పనిచేస్తూ మాట్లాడడం ఆమెకు అలవాటే. వాళ్ల అమ్మాయి నా చేతిమీద చెయ్యి వేసి వింటూ కూర్చుంది.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. ఇక చూడొచ్చంది నయోమీ. వాళ్ల అమ్మాయి లేచి లోపలికి వెళ్లింది. నయోమీ వచ్చి నా పక్కన కూర్చుంది. నల్ల చొక్కా వేసుకుంది. రెండు చేతుల మీదా, భుజాల మీదా, తెల్లటి సన్నని వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. దులుపుకోవడానికి నా దగ్గరున్న కర్చీఫ్ ఇవ్వబోయాను. ఆమె తల అడ్డంగా ఊపి, చేతులు ఒళ్లో పెట్టుకుని, అవి రాలిపోకుండా కదలక కూర్చుంది.